కారం లేని ఉండలు

మా ఇంట్లో కారం లేని వంట లేదు. మా నాన్నకు చారు మీద కూడా కారం ఎర్రగా తేలాలి. అలాంటి ఇంట్లో మే నెలంతా నేను కారం డబ్బా మూత తీయకుండా ఒక వంట నేర్చుకున్నాను. నేర్పింది రిబ్కా చిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు.

చిన్నమ్మ ఆరేళ్లు సైప్రస్‌లో ఒక గ్రీకు ముసలావిడ ఇంట్లో పని చేసింది. ఆవిడ చనిపోయాక పోయిన క్రిస్మస్‌కు తిరిగి వచ్చి, ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఉషారాణి మేడం అనే ఆవిడ ఇంట్లో వంటకు కుదిరింది. ప్రతి శనివారం సాయంత్రం మా ఊరు వస్తుంది. ఆ వేళకు మా ఊరికి బస్సు ఉండదు, ఇల్లందులో దిగి అక్కడి నుంచి అడవి దారిలో ఆటోలో నలభై నిమిషాలు. వచ్చేటప్పుడు బ్రెడ్డు, నిమ్మకాయలు, ఒక ఆకుల పొడి తెచ్చేది. ఆ పొడి పేరు ఒరెగానో. వాసన చూస్తే మా పెరట్లో వాము ఆకును ఎండబెట్టినట్టు ఉంటుంది.

ఆ వంట గ్రీకు వాళ్ల కోడి కైమా ఉండలు. మొదటి రోజు నేను వాటిని మరీ గట్టిగా ఒత్తాను. చిన్నమ్మ నా చేతి మీద చిన్నగా కొట్టింది.

"గట్ల పిసుకుతే బంతులైతయ్ బిడ్డా. మా ముసలామె గూడ నన్ను గిట్లనే కొట్టేది. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టాలె."

"కోడిని కొట్టి కైమా చేసినంక కోడిపిల్లను పట్టుకున్నట్టు ఏంది?" అన్నాడు నాన్న అరుగు మీద నుంచి. నాన్న పేరు యేసుదానం. ఇల్లందు దగ్గర బొగ్గు గనిలో కాంట్రాక్టు లారీ నడుపుతాడు. ఆ రోజు ఒక ఉండ నోట్లో వేసుకుని, పెరుగులో అద్దిన రెండోది కూడా తిని, "అంతా బాగుంది గనీ, జ్వరం తగ్గినోనికి పెట్టే కూడులెక్క ఉంది రిబ్కమ్మా," అన్నాడు. చిన్నమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నేను నోరు తెరిచి నవ్వేది చిన్నమ్మ ఉన్నప్పుడే.

నేను ఎక్కువ మాట్లాడను. బడిలో హాజరు పలికినప్పుడు నా గొంతు పెదాల దగ్గరే ఆగిపోయేది. పక్కన కూర్చునే ద్వాలి చెయ్యెత్తి, "అక్సా వచ్చింది సార్," అని నా బదులు చెప్పేది. సండే స్కూల్లో ప్రార్థన చెయ్యమంటే ఏడ్చేదాన్ని. టీచరమ్మ విసిగిపోయి, "నోటికి రాకపోతే రాసుకోమ్మా, దేవునికి చదువొచ్చు," అంది. అప్పటి నుంచి ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మొదట్లో ప్రార్థనలే రాసేదాన్ని, తర్వాత అన్నీ రాయడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం సంగతి చిన్నమ్మకు తెలుసు. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. అందుకే నా మనసులో ఉన్నవన్నీ ఆమెకు నేనే చెప్పాను.

పదో తరగతిలో నాకు ఆరు వందలకు ఐదు వందల ముప్పై ఒక్క మార్కులు వచ్చాయి. గురుకుల కాలేజీలో బైపీసీకి దరఖాస్తు పెట్టాను. నర్సింగ్ చదవాలని నా కోరిక. నాన్నది చిన్న ఫోను, గని లోపల సిగ్నల్ ఉండదు. అందుకని ఫారంలోనూ, మా హెడ్మాస్టర్ దగ్గరా చిన్నమ్మ నంబరే రాశాం. "సీటొచ్చిందంటే ముందు నాకే తెలుస్తది. ఆటోలో కాదు, ఉరుక్కుంట వచ్చి చెప్త," అంది చిన్నమ్మ.

జూన్‌లో బడులు తెరిచాక ఒక శుక్రవారం ద్వాలి మా ఇంటికి వచ్చింది. వాళ్లది మా ఊరి పక్క తండా. గుమ్మం దగ్గరే నిలబడి, "నాకు సీటొచ్చింది. సోమవారం పొద్దుగాల మా బాపు తీస్కపోతుండు. నీకు రాలేదా?" అని అడిగింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"నాకన్న నీకే ఎక్కువ మార్కులు గదనే. మళ్ల ఒకసారి చూడమను," అంది. నా ముఖం చూసి కాసేపు నా పక్కన కూర్చుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నోటుపుస్తకంలో ఒక్క వాక్యమే రాశాను, "నేను ఏం తప్పు చేశాను ప్రభువా" అని.

శనివారం చిన్నమ్మ వచ్చింది. నేను అడగకముందే, "ఇంకా ఏం రాలే బిడ్డా," అంది. తర్వాత నా జడ విప్పి దువ్వుతూ అసలు సంగతి చెప్పింది. రేపు ఆదివారం మధ్యాహ్నం ఉషారాణి మేడం మా ఇంటికి భోజనానికి వస్తోంది. ఆవిడ కాలేజీలో లెక్చరర్‌గా పనిచేసి రిటైర్ అయింది, పెద్ద పెద్దవాళ్లు తెలుసు.

"గురుకులం కాకపోతే ఇంకోటి. మేడం ఒక్క మాటంటే ఎక్కడన్న సీటిస్తరు. నీ చేత్తోనే ఉండలు చెయ్. కారం మాత్రం చిటికెడు గూడ పడొద్దు. మేడం వాళ్ల సారుకు కడుపుల పుండు. వాళ్లింట్ల కారం బంద్."

నేను ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను.

ఆదివారం మొదటి ఆరాధన అవగానే భీమయ్య చికెన్ కొట్టుకు వెళ్లాను. చిన్నమ్మ చెప్పినట్టు బాయిలర్ కోడి, ఎముక లేకుండా. మాట్లాడలేక చీటీ రాసి ఇచ్చాను. భీమయ్య చీటీ చదివి, "ఎముక వద్దు, తోలు వద్దు, కైమా కొట్టాలె. ఇగ కోడిల నాకేం మిగిలింది బిడ్డా, కూతనా?" అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. అయినా మొద్దు మీద రెండు కత్తులతో చక్కగా కొట్టి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి పని మొదలుపెట్టాను. పెరుగు ముందు రోజే పాత తెల్ల గుడ్డలో మూటగట్టి కొక్కేనికి వేలాడదీశాం. నీరంతా కారిపోయి వెన్నలా గట్టిపడింది. ఉల్లిపాయలు తురిమి పిడికిట్లో పిండాను. బ్రెడ్డు పాలలో నానబెట్టి అదీ పిండాను. చిన్నమ్మ ముఖ్యంగా చెప్పింది అదే. నీరు పిండకపోతే ఉండ పెనం మీద విచ్చిపోతుంది. కైమాలో అవన్నీ వేసి, ఒక గుడ్డు కొట్టి, వెల్లుల్లి, పుదీనా, మిరియాల పొడి, ఒరెగానో, నిమ్మతొక్క తురుము కలిపాను. నిమ్మతొక్క ఒక కాయది చాలో, ఇంకోటి వేయాలో గుర్తురాలేదు.

చిన్నమ్మ అప్పటికే మేడంను తీసుకురావడానికి రోడ్డు మీదికి వెళ్లింది. ఫోను చార్జింగ్ పెట్టి గూట్లో వదిలింది. సైప్రస్ ముసలావిడ కూతురు పంపిన ఈ వంట కొలతల ఫొటోలు అందులో ఉన్నాయి. పోయిన నెల చాలాసార్లు నాకు చూపించింది. రెండు చేతులకూ మాంసం అంటుకుని ఉంది. చిటికెన వేలి కొనతో వాట్సాప్ తెరిచాను.

ఫొటోలు కింద ఎక్కడో ఉన్నాయి. అందరికంటే పైన మా హెడ్మాస్టర్ రామనాథం సార్ పేరు ఉంది. పేరు కింద సార్ చివరి మాట కనిపిస్తోంది, "ఎందుకమ్మా? మంచి మార్కులు కదా."

తెరిచాను. మంగళవారం సార్ పంపిన మెసేజ్ ఉంది. "అక్సాకు బైపీసీ సీటు వచ్చింది. శుభాకాంక్షలు. సోమవారం సాయంత్రం ఐదు గంటలలోపు ఒరిజినల్స్‌తో రిపోర్ట్ చేయాలి."

దాని కింద చిన్నమ్మ జవాబు. "థాంక్యూ సార్. మా అమ్మాయి జాయిన్ కావట్లేదు."

"ఎందుకమ్మా? మంచి మార్కులు కదా" అన్నది దానికి సార్ అడిగిన ప్రశ్న. ఆ తర్వాత జవాబు లేదు.

ఫోను మీద నా చిటికెన వేలి ముద్ర జిడ్డుగా పడింది. ఎందుకో ముందు దాన్ని తుడవాలనిపించింది. మోచేత్తో తుడిచాను, ఇంకా ఎక్కువ అంటుకుంది.

అమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని కీరదోసకాయ తురుముతోంది. ఫోను తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. అమ్మ తెర మీదికి ఒక్క చూపు చూసింది. "ఏంది ఇది" అని అడగలేదు. "ఎప్పుడొచ్చింది" అని అడగలేదు. కీరకాయ చివరి ముక్క వేళ్లకు తగులుతుందేమో అన్నట్టు జాగ్రత్తగా తురిమింది.

"చిన్నమ్మ నీ మంచికే చూస్తది," అంది తల ఎత్తకుండా. "ఈ ఇంటి మీద స్లాబు ఎవరి పైసలనుకున్నవ్? మేడం రాంగనే ఏడుపు మొహం పెట్టకు."

అంటే అమ్మకు కూడా తెలుసు. నాన్న ఇంకా చర్చి నుంచి రాలేదు. నేను వంటింట్లోకి వచ్చి ఫోను గూట్లో పెట్టి చేతులు కడుక్కున్నాను. కడుక్కున్నాక మళ్లీ కైమా గిన్నెలోనే పెట్టాను. ఏం చెయ్యాలో తెలియక ఉండలు చెయ్యడం మొదలుపెట్టాను.

పదో ఉండో పదకొండో ఉండో చేస్తుండగా కారం డబ్బా కనిపించింది. మా మేనమామ చేలో పండిన మిరపకాయల కారం. చెంచాడు వేస్తే మా నాన్నకే చెమటలు పడతాయి. మూత తీశాను. చెంచా ముంచాను కూడా. మేడం మొదటి ముక్కకే లేచి వెళ్లిపోతుంది. చిన్నమ్మ పరువు పోతుంది. అప్పుడే కడుపులో పుండు ఉన్న ఆ సారు గుర్తొచ్చాడు. మేడం ఆయన కోసం నాలుగు ఉండలు పట్టుకెళ్తుందని చిన్నమ్మ రాత్రే చెప్పింది. ఆయన ముఖం కూడా నేను చూడలేదు. చెంచా డబ్బాలోకి ఒంపి మూత పెట్టాను. ఘాటుకు తుమ్ము వచ్చింది.

పెనం మీద కొంచెం నూనెలో ఉండలు దొర్లిస్తూ వేయించాను. ఒక్కటి కూడా విచ్చిపోలేదు. పెరుగులో కీరదోస తురుము పిండి వేసి, వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం కలిపి, పైన చిన్నమ్మ దాచుకున్న ఆలివ్ నూనె చుక్కలు వేశాను.

మేడం కారు దిగి చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చింది. తెల్లజుట్టు, నూలు చీర, మెత్తటి గొంతు. నా తల నిమిరి, "ఈ అమ్మాయేనా రిబ్కా?" అంది.

"అవ్ మేడం. మా అక్సా. మాట తక్కువ, పని ఎక్కువ."

నాన్న అప్పటికే వచ్చి మడత కుర్చీలు వేశాడు. నేను పళ్లేలు సర్దుతుంటే మేడం అమ్మతో మాట్లాడుతోంది.

"పై గదిలో ఫ్యానుంది, మంచముంది, అమ్మా. సొంత పిల్లలా చూసుకుంటాం. మీరు ఎప్పుడైనా వచ్చి చూసిపోవచ్చు. అంత మంచి పిల్లకు చదువంటే ఎందుకు ఇష్టం లేదో గాని..."

"అందరికీ అబ్బుతదా మేడం," అంది చిన్నమ్మ తొందరగా. "తనే వస్తనన్నది. నేను నెలాఖరుకు మళ్ల సైప్రస్ పోయేలోపు సారుకు ఏమేం పడతదో అంతా నేర్పిస్త."

నాన్న చిన్నమ్మ వైపు చూశాడు. "సీటిప్పించే సంగతి మాట్లాడతరంటివి గద?"

"అన్నీ మాట్లాడుకుందాం బావా. ముందు తినుండ్రి, చల్లారుతయ్."

నాకు అప్పుడు మొత్తం అర్థమైంది. మేడం సీటు ఇప్పించడానికి రాలేదు. తన స్థానంలో ఒక మనిషిని పెట్టి వెళ్లాలి చిన్నమ్మ. ఆ మనిషి నేనే. మే నెలంతా నా చేతిని తట్టి, జడ దువ్వి, నవ్వించి నేర్పింది అందుకే.

మేడం ఉండ ఒకటి చేతిలోకి తీసుకుంది. నాన్న, "ఒక్క నిమిషం మేడం, ప్రార్థన చేసుకుంటం," అన్నాడు. ఆవిడ మొహమాటపడి దాన్ని తిరిగి పళ్లెంలో పెట్టింది.

"మా అక్సా చేస్తది," అంది చిన్నమ్మ. నేను దైవభక్తి గల పిల్లనని మేడంకు చూపించాలని కావచ్చు. నేను ఎప్పుడూ రెండే వాక్యాలు గొణిగి ఆమేన్ అంటానని ఆమెకు తెలుసు.

అందరూ కళ్లు మూసుకున్నారు. మేడం కూడా మూసుకుంది.

మా ఇంట్లో ప్రార్థన మధ్యలో ఎవరూ మాట్లాడరు, కదలరు. ఒకసారి నాన్న ప్రార్థన చేస్తుంటే పొయ్యి మీద పాలు పొంగి, మాడి, వాసన వచ్చినా ఆమేన్ అనేదాకా ఎవరూ లేవలేదు.

"పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. మేడం గారు మా ఇంటికి వచ్చినందుకు స్తోత్రం," అన్నాను. అక్కడ నేను ఆగాను. చిన్నమ్మ ఆమేన్ అనడానికి ఊపిరి తీసుకోవడం వినిపించింది.

"ప్రభువా, పదో తరగతిలో నాకు ఐదు వందల ముప్పై ఒక్క మార్కులు ఇచ్చినందుకు స్తోత్రం. గురుకులంలో బైపీసీ సీటు ఇచ్చినందుకు స్తోత్రం. రామనాథం సార్ మంగళవారం నాడు చిన్నమ్మ ఫోనుకు మెసేజ్ పంపినందుకు స్తోత్రం."

ఎవరిదో కుర్చీ కిర్రుమంది. కళ్లు మూసుకుంటే నోటుపుస్తకంలో రాస్తున్నట్టే ఉంది.

"రేపు సాయంత్రం ఐదింటిలోపు పోకపోతే ఆ సీటు పోతుంది ప్రభువా. నేను పోనని సార్‌కు రాసిండ్రు. నాకు చదువు ఇష్టం లేదని మేడంకు చెప్పిండ్రు. నాకు ఇష్టమే, అది నీకు తెలుసు. మేడం వాళ్ల సారు కడుపు నొప్పి నయం చెయ్యి. నాన్నకు ఈ సంగతి తెలియదు. నేను చెప్పలేను, నువ్వే చెప్పు. యేసు నామంలో అడుగుతున్నాను తండ్రీ, ఆమేన్."

నాన్న ఒక్కడే ఆమేన్ అన్నాడు.

మేడం కళ్లు తెరిచి నన్ను చూసింది. తర్వాత చిన్నమ్మను చూసింది. "తనే వస్తానందని కదా నాకు చెప్పావు రిబ్కా?"

చిన్నమ్మ పెరుగు గిన్నె ఆవిడ వైపు జరిపింది. "చిన్నపిల్ల మేడం, ఏదో..."

"ఫోన్ తే," అన్నాడు నాన్న.

"బావా, తినేటప్పుడు..."

"ఫోన్ తే రిబ్కమ్మా."

నాన్న పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. జిడ్డు మరకను చొక్కాతో తుడిచి మళ్లీ చదివాడు. అమ్మ వైపు తిరిగి, "నీకెరుకేనా?" అన్నాడు.

"అవ్," అంది అమ్మ.

నాన్న లేచి లోపలికి వెళ్లాడు. ఇనుపపెట్టె తెరిచిన చప్పుడైంది. నా సర్టిఫికెట్లు ఉండేది అందులోనే.

మేడం రెండు ఉండలు తింది. తినకుండా వెళ్తే బాగోదని తిన్నదేమో అనుకున్నాను. కానీ గిన్నెలో పెరుగు వేలితో తుడిచి మరీ తింది. "చాలా బాగా చేశావమ్మా," అంది, అన్నాక తనే ఇబ్బంది పడింది. వెళ్లేటప్పుడు సారుకు నాలుగు ఉండలు డబ్బాలో పెట్టి ఇచ్చాను. కారు తలుపు దగ్గర చిన్నమ్మతో మెల్లగా, "నాకు ఇంకెవరైనా దొరికేదాకా నువ్వే ఉండాలి మరి. టికెట్ వాయిదా వేసుకో," అంది.

గిన్నెలు తోముతుంటే చిన్నమ్మ వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. బూడిద తీసుకుంది కానీ తోమలేదు.

"పదిహేనేండ్లకు నేను బడి మానేసిన. నేను బతకలేదా? రెండేండ్లు ఆ ఇంట్ల ఉంటే నిన్ను గూడ సైప్రస్‌కు పిలిపిద్దునే."

"నన్నెందుకు అడగలే చిన్నమ్మా?"

"అడిగితే వద్దంటవని."

నేను పెనం మీద అంటుకున్న మాడు గీకుతూ ఉన్నాను.

"నాతోటి కొట్లాడితే పడుదును," అంది చిన్నమ్మ చివరికి. "దేవుని ముందర నిలబెట్టినవ్. కండ్లు మూసుకున్న మనిషిని కొట్టినవ్ నువ్వు."

నేను పెనం కడిగి బోర్లించాను.

సోమవారం మొదటి బస్సుకు నాన్న గనికి సెలవు పెట్టి నన్ను తీసుకుని బయలుదేరాడు. చిన్నమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకునే ఉంది. మేలుకునే ఉందని నాకు తెలుసు. అమ్మ బస్టాండు దాకా వచ్చి ఒక డబ్బా నా సంచిలో పెట్టింది. నేను ఆమె చెయ్యి పట్టుకోలేదు. బస్సు కదిలాక వెనక్కి చూశాను, అప్పటికే ఆమె వెనుదిరిగింది.

ద్వాలి, వాళ్ల బాపు సోమ్లా మా వెనక సీట్లోనే ఎక్కారు. ద్వాలి ముందుకు వంగి, "మళ్ల చూడమన్ననా లేదా," అంది గర్వంగా. ఇల్లందు దాటాక ద్వాలి ఆకలిగా ఉందంటే డబ్బా తీశాను. మిగిలిన ఉండలు, చిన్న గిన్నెలో పెరుగు. ద్వాలి ఒకటి తిని ఇంకోటి తీసుకుంది.

"కారం లేకున్న మస్తుగున్నయ్. ఎవరు నేర్పిండ్రు?"

"మా చిన్నమ్మ."

"మంచిదే మీ చిన్నమ్మ."

నేను కిటికీ వైపు తిరిగి ఒక ఉండ నోట్లో పెట్టుకున్నాను. నిన్నటిదైనా మెత్తగానే ఉంది. పుదీనా, నిమ్మ, ఆ ఆకుల పొడి. మొదటి రోజు ఆమె నా చేతిని కొట్టి నేర్పిన మెత్తదనమే. పాడైపోయి ఉంటే బాగుండు అనిపించింది. డబ్బా మొత్తం ద్వాలికి ఇచ్చేశాను.